తీసెయ్యమన్న దగ్గు: దుర్గి దాటి ఒక పల్లెకు

ఈ ప్రయాణం గుడి కోసమో జలపాతం కోసమో పెట్టుకున్నది కాదు. నా ఫోన్‌కి వచ్చిన ఒక నిమిషం రికార్డు నన్ను బస్సెక్కించింది. పంపింది నా స్నేహితురాలు పద్మజ. పల్నాడు పల్లెల్లో ఆడవాళ్ళను కూడగట్టి, తమ ఊరికి కావలసిన ఆరోగ్యం సంగతులు తామే ఫోన్లో రికార్డు చేసి ఊరికి వినిపించేలా తర్ఫీదిచ్చే చిన్న సంస్థలో తను పనిచేస్తుంది. ఆఫీసు కాగితాల్లో ఆ ఆడవాళ్ళ పేరు ఆరోగ్య ప్రచారకులు. ఊళ్లో మాత్రం మైకు ఆడోళ్ళు. రికార్డులో ఒకామె స్పష్టంగా, కాస్త బెదురుగా చదువుతోంది: రెండు వారాలకు మించి దగ్గు ఉంటే అశ్రద్ధ చెయ్యకండి, అది క్షయ, అంటే టీబీ కావచ్చు, కళ్ళె పరీక్ష చేయించుకోండి, పరీక్షా మందులూ సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఆమె వెనకాల, కొంచెం దూరంగా, ఒక మగమనిషి దగ్గుతున్నాడు. ఒకసారి కాదు, చదువుతున్నంతసేపూ.

నేను చాలా ఏళ్ళు రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశాను. అందుకని పద్మజ కింద ఒక మాట కూడా రాసింది: "గొంతు బాగుంది కానీ వెనకాల ఆ దగ్గు చికాకుగా ఉంది. తీసెయ్యడం ఎలాగో వాళ్ళకి నేర్పించి వస్తావా?" నాకు ఒళ్ళు మండింది. వెంటనే ఫోన్ చేశాను. "ఒసే పిచ్చిదానా, టీబీ గురించి చెప్తుంటే వెనకాల మనిషి దగ్గుతున్నాడు. తీసెయ్యడం తర్వాత, ఆ దగ్గు ఎవరిదో అడిగావా?" పద్మజ మెల్లగా అంది, "అది రాళ్ళ ఊరే. అక్కడ మగవాళ్ళందరూ దగ్గుతారు." ఆ జవాబు నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. మూడోరోజు బ్యాగు సర్దుకున్నాను. ఊరి పేరు రాయొద్దని అక్కడివాళ్ళు అడిగారు, మనుషుల పేర్లు నేనే మార్చాను. దారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

విజయవాడ నుంచి తెల్లవారుజామున గుంటూరు మీదుగా నరసరావుపేట వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టిఫిన్ వేళకు పేటలో దిగుతారు. ఇప్పుడు ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. బస్టాండ్ ఎదురుగా ఇడ్లీ తిని, కారంపూడి మీదుగా మాచర్ల వెళ్ళే పల్లెవెలుగు పట్టుకోండి. పిడుగురాళ్ళ, గురజాల మీదుగా వెళ్ళే బస్సులు కూడా మాచర్లకే పోతాయి గానీ దుర్గి తగలదు, ఎక్కేముందు అడగడం మంచిది. పేట నుంచి దుర్గికి దగ్గర దగ్గర రెండు గంటలు. కిటికీ పక్కన కూర్చుంటే పల్నాడు మొత్తం కనిపిస్తుంది: పత్తి పీకేసిన చేలు, నాపరాళ్ళు నిలువుగా పాతి కట్టిన కంచెలు, దూరంగా నల్లమల గీత. ఫిబ్రవరి చివరి రోజులు కాబట్టి రోడ్డు పక్కన కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి.

కారంపూడి దాటాక ఒక కళ్ళం దగ్గర టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తొక్కుతున్నారు. ఆ ఘాటుకి బస్సు బస్సంతా దగ్గింది, డ్రైవర్‌తో సహా. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "మిరపకాయల కాలం గదమ్మా, ఊరంతా దగ్గుద్ది. ఇది దగ్గు కాదు."

"మరి దగ్గంటే ఏంటి బాబాయ్?" అన్నాను.

ఆయన కాస్త ఆలోచించాడు. "మిరపకాయ దగ్గు ఇది. రాళ్ళ కొట్టాల్లో చేసేవోళ్ళది రాయి దగ్గు. నాది చుట్ట దగ్గు. ఇంకేం దగ్గుంటదమ్మా మనుషులకి?" దిగేదాకా నేను ఆ మాటే నెమరేసుకున్నాను. దగ్గుకి ఇన్ని పేర్లు ఉన్న చోట అసలు పేరు ఎవరికీ గుర్తు రాకపోవడంలో వింతేముంది?

దుర్గిలో బస్సు దిగగానే రోడ్డు పక్కన నందులూ వినాయకులూ వరసగా కూర్చుని ఉంటాయి. శిల్పుల ఉలి చప్పుడు వింటూ అక్కడ ఒక గంట గడపొచ్చు. నాకు ఆ తీరిక లేదు. అప్పటికే పద్మజ చెప్పి పంపిన ట్రాలీ ఆటో నా ముందు ఆగింది. వెనక ఉల్లిపాయల బస్తాలు, పైన మైకు. నడిపే అతని పేరు కోటి. ఊరూరా తిరిగి ఉల్లిపాయలమ్ముతూ మధ్యలో ఈ ఆడవాళ్ళ రికార్డులు కూడా మైకులో వేస్తాడు. అందుకు సంస్థ వాళ్ళు అతనికి డీజిల్‌కి కొంత ఇస్తారు. "మీరేనా మేడం రేడియో మేడం? ఎక్కండి, ముందు సీట్లో కూర్చోండి," అన్నాడు. షేర్ ఆటోలో అయితే ముప్ఫై రూపాయలు తీసుకుంటారు, ఇతను ఎంతకీ తీసుకోలేదు.

"వీళ్ళ రికార్డు వేస్తే జనం వింటున్నారా కోటీ?" అని అడిగాను.

"నిజం చెప్పమంటారా, అబద్ధం చెప్పమంటారా?"

"నిజమే చెప్పవయ్యా."

"ఉల్లిపాయలు కిలో ఇంత అనంగానే ఆడోళ్ళు గిన్నెలు తీసుకుని వస్తన్నారు మేడం. 'ప్రియమైన గ్రామ ప్రజలారా' అనంగానే మళ్ళా లోపలికి పోతన్నారు. ఆ జబ్బుల సంగతి మొదలుపెడితే నా ఉల్లిపాయలు కూడా అమ్ముడుపోట్లా." నాకు నవ్వొచ్చింది. కానీ అతను నవ్వలేదు. "మంచి మాటలే మేడం. కానీ ఎవురికో చెప్పినట్టుంటయ్యి," అన్నాడు.

ఊరి మొదట్లో కమ్యూనిటీ హాలు, దానికి ఎదురుగా కొంచెం దూరంలో రాళ్ళ కొట్టాలు. కొట్టం అంటే రేకుల షెడ్డు, కింద రాయి కోసే మిషన్లు, ఉలిపని వాళ్ళు. గాలి అటునుంచి వీస్తే హాలు గుమ్మం మీద కూడా తెల్లటి పొడి పడుతుంది. లోపల పదిమంది దాకా ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. రికార్డులో విన్న గొంతును నమస్కారం అనగానే పట్టేశాను. ఆమె సైదాబీ. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, పదో తరగతి చదివింది, చదవడం బాగా వచ్చని ఈ పనిలోకి పిలిచారు. ఆమె పక్కనే అంకమ్మ, బడిలో మధ్యాహ్న భోజనం వండే పెద్దావిడ. చదువు రాదు, మొహమాటం అసలే లేదు. "రేడియోలో మాట్టాడేవాళ్ళు ఇట్టా మనుషుల్లానే ఉంటారా?" అని నన్ను చూసి అందరినీ నవ్వించింది.

నేరుగా 'ఆ దగ్గు ఎవరిది' అని అడగడానికి నాకు మనసొప్పలేదు. పదిమందిలో ఒకామె ఇంటి సంగతి బయటపెట్టడానికి నేనెవర్ని? అందుకే రేడియోలో చేరిన కొత్తలో మాకు చేయించిన పనే వాళ్ళకూ చెప్పాను. రికార్డు వేస్తాను, కళ్ళు మూసుకోండి, మాటలు వదిలెయ్యండి, మాటల వెనకాల ఏమేం వినిపించాయో చెప్పండి అన్నాను. అయిపోగానే ఒక్కొక్కరే అందుకున్నారు. కోడి అన్నారు. కుక్కర్ అన్నారు. ఎవరో బిందె దించారన్నారు. "కోటిగాడి ఆటో, బ్రేకు కీచుమంటదిగా," అంది అంకమ్మ. ఇంకా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకేం లేవు మేడం అన్నారు.

నేను నమ్మలేకపోయాను. కోడి వినిపించింది, బిందె వినిపించింది, నిమిషం పొడుగునా దగ్గిన మనిషి మాత్రం ఒక్క చెవిలో కూడా పడలేదు. మళ్ళీ వేశాను, సౌండ్ పెంచి. ఈసారి సైదాబీ కళ్ళు తెరిచింది.

"దగ్గా మేడం? అది కూడా చెప్పాల్నా? మా ఆయనే అది. నాలుగుసార్లు ఆపి మళ్ళా మొదలుపెట్టా ఆయనవల్ల. 'కాసేపు బిగబట్టుకోవయ్యా, రికార్డింగ్' అని కేకలేశా. అరుగు మీదికి పంపిస్తే అక్కడ కూర్చోని కూడా దగ్గాడు."

అందరూ నవ్వారు, సైదాబీ కూడా. నేను ఒక్క మాటే అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"పీర్ల పండగ ముందునుంచీ ఉంది మేడం. రాయి దగ్గేలే. బెల్లం తింటానే ఉన్నాడు..." అంటూ ఆగిపోయింది. ఆమె ఒళ్లో తను చదివిన కాగితం ఉంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. పీర్ల పండగ వెళ్ళి నెలలు గడిచాయి. కాగితంలో ఉన్నది రెండు వారాలు. అంకమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఏమే సైదా, నువ్వు సదివిన ముక్కే గదంటే అది," అంది. కోప్పడలేదు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. సైదాబీ కాగితం మడిచి చాప మీద పెట్టింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేనింక మైకు పట్టను మేడం," అంది. ఆ పూటకు పాఠం ఆపి భోజనాలు పెట్టమన్నాను.

అంకమ్మ దోసకాయ పప్పు, పండుమిరప పచ్చడి చేసింది. ఆ పచ్చడి మామూలప్పుడైతే మూడుసార్లు వడ్డించుకునేదాన్ని. ఆ రోజు ముద్ద దిగలేదు. అంకమ్మ కసురుకుంది, "తినమ్మా, నువ్వు పస్తుంటే ఆడి దగ్గు తగ్గుద్దా?" తింటూ ఉండగా సైదాబీ నా పక్కకొచ్చి కూర్చుని, "మీరు కూడా వస్తారా మేడం కొట్టం దాకా? నేనొక్కదాన్నే అడిగితే కసురుకుంటాడు," అంది.

సైదాబీ భర్త పేరు నాగుల్ మీరా. రాయి కోసే మిషన్ దగ్గర ఉన్నాడు. కనుబొమల మీద, రెప్పల మీద తెల్లపొడి. మిషన్ ఆపి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, నాకు కూర్చోవడానికి ఒక నాపరాయి చూపించాడు. నేను వచ్చిన పని సైదాబీ చెప్తుంటే చిరునవ్వుతోనే విన్నాడు. "మా తాత దగ్గాడు, మా నాయన దగ్గాడు. రాయి తినేవోడికి దగ్గు రాకుండా పన్నీరు వచ్చిద్దా మేడం?" అన్నాడు. తర్వాత జేబులోంచి కాగితం పొట్లం తీసి చూపించాడు. అందులో బెల్లం. సాయంత్రం పని దిగేటప్పుడు కొట్టం యజమాని తలా ఒక బెల్లం ముక్క పంచుతాడట. గొంతులో పడ్డ దుమ్మును బెల్లం కడుపులోకి లాగేస్తుందని వాళ్ళ నమ్మకం. దుమ్ము బెల్లం అంటారు దాన్ని. తాతల నాటి నుంచి వస్తోంది. "మధ్యలో నెల్లాళ్ళు బెల్లం మానేశా, పళ్ళు నొప్పని. అందుకే పట్టుకుంది. ఇప్పుడు రెండు ముక్కలు తింటన్నా, తగ్గిద్ది," అన్నాడు. అలా చెప్తూనే దగ్గొచ్చి, స్తంభం పట్టుకుని వంగిపోయాడు. పక్కన ఉలి కొడుతున్నవాళ్ళు తలెత్తలేదు.

"బెల్లం ఊపిరితిత్తుల్లోకి పోదు మీరా. పరీక్ష చేయించుకుంటే ఏంటో తేలిపోతుంది కదా," అన్నాను.

అతని చిరునవ్వు పోయింది. కొట్టం మధ్య దూలం వైపు చెయ్యి చూపించాడు. టీ గ్లాసులన్నీ కింద బక్కెట్లో ఉన్నాయి. దూలానికి కొట్టిన మేకు ఒకటి ఖాళీగా ఉంది. "ఆ మేకు చూశారా? యేసోబని మాతో చేసేవాడు. పరీక్ష చేయించుకుంటే టీబీ అన్నారు. ఆ మర్నాటి నుంచి వాడి గ్లాసు ఆ మేక్కి. ఎవుడూ పక్కన కూర్చోలా. సిగ్గుపడి పని మానేసి, మందులు కూడా మధ్యలో మానేసి, కృష్ణ దాటి అవతల పనికి పోయాడు. శవాన్ని తెచ్చారు." గొంతు సవరించుకున్నాడు. "ఆ గ్లాసు మేక్కి తగిలించింది ఎవురనుకున్నారు? నేనే."

సైదాబీ అంది, "గ్లాసు వల్ల అంటుకోదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారయ్యా. మందులేసుకుంటే కొన్నాళ్ళకి ఎవురికీ అంటదంట."

"నీకు చెప్పారు. కొట్టంలో ఎవురికి చెప్పారు? నువ్వు మైకులో చెప్పబట్టే వచ్చింది ఇదంతా. గుమ్మడికాయల దొంగంటే నేనెందుకు భుజాలు తడుముకోవాల?"

"నువ్వు పోయినాక నీ గ్లాసు నేనేం చేసుకోను?" అంది సైదాబీ. అరవలేదు, ఏడవలేదు. అతను ఆమె వైపు చూడకుండా తలగుడ్డ చుట్టుకుని మిషన్ ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినపడదు. ఇద్దరం వెనక్కి వచ్చేశాం.

మధ్యాహ్నం నేర్పాల్సిన పాఠం ఎలా మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి అన్నది. నేను దాన్ని పక్కనపెట్టి, కోటి చెప్పిన సంగతి వాళ్ళ ముందు పెట్టాను: జనం మొదటి మాటకే లోపలికి పోతున్నారు, ఏం చేద్దాం? అప్పుడు చూడాలి వాళ్ళను. కాగితం మీద ఉన్న ఒక్కో మాటనీ పట్టుకుని దులిపేశారు. అశ్రద్ధ అనే మాట మన ఊళ్లో ఎవరంటారు, పట్టించుకోకపోతే అందాం. క్షయ అంటే ఎవరికీ తెలియదు, టీబీయే అందాం. 'రాయి దగ్గని ఊరుకోబాకండి' అన్న మాట ఒకమ్మాయి చెప్తే అందరూ ఒక్కసారి అవునన్నారు. బెల్లం సంగతి చెప్పాలా వద్దా అని పెద్ద వాదన జరిగింది. బెల్లం తినొద్దంటే మగవాళ్ళు వినరు, 'తినండి, తిని పరీక్షకి పోండి' అందాం అని తేల్చారు. సైదాబీ గోడ వారగా కూర్చుని వింటోంది, కలవలేదు.

మొదలు ఎలా పెట్టాలన్న దగ్గర ఆగిపోయారు. అంకమ్మ విసుక్కుంది. "మాటలతో ఎందుకే, దగ్గుతో మొదలుపెట్టండి. దగ్గు ఇనపడితే ఎవుడైనా తల తిప్పుతాడు, మా ఇంటోడిదేనేమో అని." సరే అని ఒకమ్మాయి ఫోన్ ముందు దగ్గింది. రికార్డు వేస్తే అందరికీ నవ్వొచ్చింది, దొంగ దగ్గని ఇట్టే తెలిసిపోయింది. ఇంకొకరు దగ్గారు, అదీ అంతే. నిజమైన దగ్గు హాలు మొత్తం మీద ఒక్క ఫోన్లోనే ఉంది. అందరి చూపులూ గోడ వైపు తిరిగాయి. సైదాబీ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. "ఆయన్ని అడగకుండా ఇయ్యను," అంది. ఇవ్వొద్దనే నేనూ అన్నాను. ఈ పనిలో గొంతు బాగుండటం కంటే అది ముందు నేర్చుకోవాల్సిన సంగతి, ఆమెకు నేను నేర్పకుండానే వచ్చు.

అయిదు దాటాక చాపలు చుడుతున్నాం. గుమ్మంలో నాగుల్ మీరా నిలబడి ఉన్నాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. లోపలికి రాలేదు. "ఏదీ, నా దగ్గు ఇనపడిందంటగా అందులో. ఒకసారి పెట్టు," అన్నాడు భార్యతో. సైదాబీ నా వైపు చూసింది. నేను చిన్న స్పీకర్ తీసుకెళ్ళి గుమ్మం మీద పెట్టాను. అతను గొంతుక్కూర్చుని, చెవి దానికి దగ్గరగా పెట్టి విన్నాడు. మొదట భార్య గొంతు విని కాస్త గర్వంగా తలూపాడు. తర్వాత దగ్గు వచ్చింది. తలూపడం ఆగిపోయింది. రెండోసారి వచ్చింది, మూడోసారి వచ్చింది.

"ఇది నాది కాదు," అన్నాడు.

"నీదేనయ్యా. అరుగు మీద కూర్చున్నావు గుర్తులేదా?" అంది సైదాబీ.

"కాదే. ఇది మా నాయన దగ్గు." అతని మొహంలో రంగు మారిపోయింది. "ఆఖర్లో మంచం మీద ఇట్టానే దగ్గేవాడు. ఇట్టానే, చివర్న కీచుమని. ఇనలేక నేను పోయి బయట పడుకునేవాణ్ణి." మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు. మన దగ్గు మనకు లోపల నుంచే వినపడుతుంది. బయట నుంచి ఎలా ఉంటుందో అతనికి ఆ రోజే తెలిసింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. అంకమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలాసేపటికి అతను లేచి నిలబడ్డాడు. "మాచర్లకి పొద్దున్నే ఏ బస్సుంది?" అని అడిగాడు. కోటి బయట ఆటోలోంచే చెప్పాడు, మొదటి బస్సు ఆరింటికి దుర్గిలో ఉంటుందని, తనే దింపుతానని. సైదాబీ భర్త దగ్గరికి నడిచి, ఫోన్ చూపించి, అడగాలా వద్దా అని తడబడుతూ అడిగింది, "మరి ఇది... వాళ్ళు మైకులో ఏస్తామంటన్నారు."

"పేరు చెప్పబాక," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "దగ్గు ఉంచుకో. దగ్గుకి పేరేముంది? కొట్టంలో అందరిదీ అదే."

ఆ రాత్రి అంకమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే వాళ్ళిద్దరితో పాటు మాచర్ల బస్సెక్కాను. దుర్గి నుంచి అరగంట పైన పడుతుంది. బస్టాండ్‌లో టీ తాగాం. నాగుల్ మీరా కాగితం కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో గొడవ లేదు, తాగి పారేయటమే," అన్నాడు. జేబులో బెల్లం పొట్లం అలాగే ఉంది. ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, చీటీ రాయించుకునే వరసలో వాళ్ళతో నిలబడి, నేను వచ్చేశాను. లోపలికి వాళ్ళిద్దరే వెళ్ళాలి. మాచర్ల నుంచి ఎత్తిపోతల దగ్గరే, చెన్నకేశవుడి గుడి ఊళ్లోనే ఉంది. వీలున్నవాళ్ళు చూడండి. నాకు ఆ రోజు ఏదీ చూడాలనిపించలేదు. గురజాల మీదుగా వెళ్ళే బస్సెక్కి తిరుగుదారి పట్టాను.

కొన్నాళ్ళకు సైదాబీ ఫోన్ చేసింది. టీబీయే. మందులు మొదలుపెట్టారు. కానీ ఎక్స్‌రేలో రాతిదుమ్ము కూడా కనిపించిందట. "టీబీని మందులతో తగ్గిస్తామన్నారు మేడం. దుమ్ము చేసింది మాత్రం తగ్గేది కాదన్నారు. ఇంక పెరక్కుండా చూసుకోవాలంట, కొట్టం మానెయ్యాలంట," అంది. రాయి దగ్గు అన్నది ఉత్త భ్రమ కాదన్నమాట. రెండు దగ్గులూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఒకదాని వెనకాల ఒకటి దాక్కుని. అతనిప్పుడు కోటి ఆటోలో ఉల్లిపాయలు తూస్తున్నాడు. అతని దగ్గుతో మొదలుపెట్టి సైదాబీయే చదివిన కొత్త రికార్డు మైకులో వస్తుంటే పక్కనే నిలబడి ఉంటాడట. కొట్టంలో ఇద్దరు వచ్చి ఏ బస్సుకి వెళ్ళాలని అతన్నే అడిగారట. దూలానికి ఉన్న మేకు ఎవరో పీకేశారని సైదాబీ చెప్పింది. ఎవరో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఊరి ఆరోగ్యం గురించి బయటివాళ్ళం ఎంత చక్కగా చెప్పినా అది ఎవరికో చెప్పినట్టే ఉంటుందని కోటి ఆ రోజే అన్నాడు. ఊరే చెప్పుకున్నప్పుడు దాని మొదటి దెబ్బ చెప్పేవాళ్ళ ఇంటికే తగులుతుంది. సైదాబీకి తగిలింది. తగిలాక కూడా మళ్ళీ మైకు పట్టుకుంది చూశారా, అందుకే నేను ఈ ప్రయాణం గురించి రాయాలనుకున్నాను. ఇలాంటి పని మీద పల్లెలకు వెళ్ళేవాళ్ళకు నాకు తెలిసిన ఉపయోగపడే మాట ఒక్కటే. ఫోన్లో వెనక శబ్దాలు తుడిచేసే ఆప్షన్ ఉంటుంది. దాని మీద వేలు పెట్టేముందు రికార్డు మొత్తం కళ్ళు మూసుకుని వినండి. మాటలు అయిపోయాక మిగిలిన ఆ కాసిని క్షణాలు కూడా వినండి.

నిన్న ఉదయం సైదాబీ కొత్త రికార్డు పంపింది. ఎండదెబ్బ గురించి. నేను కళ్ళు మూసుకుని విన్నాను. కోడి ఉంది. కుక్కర్ ఉంది. ఎవరో బిందె దించారు. దగ్గు లేదు. చెవి రిక్కించాను, లేదు. మనిషి ఉన్నాడా లేడా అన్న అనుమానం వచ్చింది. సైదాబీ చివరి మాట చెప్పేసింది, నమస్కారం అంది, రికార్డు ఇంకా ఆగలేదు. అప్పుడు దూరంగా, అరుగు మీద నుంచి, బిగబట్టుకున్న గొంతొకటి అడిగింది.

"అయిపోయిందా ఏమే? ఇంక దగ్గొచ్చా?"